లింగవ్వ తెచ్చిన చక్కెర నీళ్ళు

డిండోలి, సూరత్
9 మే 2020

అవ్వకు, నీ కొడుకు మార్కండేయ కాళ్ళు మొక్కి రాసుకునేది.

నేను బాగానే ఉన్నాను. అక్క కాన్పుకని సిరిసిల్ల పోయి లాక్‌డౌనుతో అక్కడే చిక్కుపడ్డావు. నువ్వు, అక్క, పసిబిడ్డ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బాపు దవాఖానాలో ఉన్నాడు. ఫోనులో నీ గొంతు వినగానే పెట్టేశాను. అందుకే అటు వస్తున్న లారీ డ్రైవరు చేతికి ఈ కాగితం ఇస్తున్నాను.

సాంచాలు నడుస్తున్నాయా అని అడిగావు. లేదు. మగ్గాలన్నీ ఆపించి, సేఠ్ కార్ఖానాకు తాళం వేసి ఫోను ఎత్తడం మానేశాడు. మన చెమట మీద మేడలు కట్టినవాడికి మనం బతికున్నామో లేదో కూడా పట్టలేదు.

బాపు గోలీలు వేళకు వేసుకుంటున్నాడా అని రెండుసార్లు రాశావు. ఒక్క పూట తప్పలేదవ్వా. షుగరున్నవాళ్ళకు మందు వేళ గుర్తుచేస్తూ ఫోనుకు మెసేజి పంపుతామని ఒక దవాఖానా వాళ్ళు వచ్చారు కదా, గల్లీ అంతా తిరిగి పద్నాలుగు మంది పేర్లు నేనే రాయించాను. వాళ్ళిచ్చిన కరపత్రాలు చదివి నాకు అంతా తెలుసనుకున్నాను. పొద్దున ఎనిమిదికి ఫోను మోగగానే గోలీ పట్టుకుని బాపు ముందు నిలబడేవాణ్ణి.

పోయిన ఆదివారానికి ఇంట్లో పిండి అయిపోయింది. గల్లీలో ఉచితంగా పంచే ఖిచిడీ బండి కూడా ముందురోజు రాలేదు. మెసేజి మాత్రం వచ్చింది.

"కడుపుల ఏం లేదురా. జరంత తిన్నంక ఏసుకుంట" అన్నాడు బాపు.

"మీరంత గిట్లనే! సదువుకున్నోళ్ళు చెప్తే ఇనరు. టైమంటే టైమే!"

"నువ్వు నా కొడుకువా, సేఠ్‌వా?" అని నవ్వి మింగాడు.

పదింటికల్లా బాపుకు ఒళ్ళంతా చెమటలు, చేతుల్లో వణుకు. మాట ముద్దయింది. పక్కింటి లింగవ్వ గ్లాసుతో ఉరికొచ్చింది. "చక్కెర నీళ్ళురా, జల్ది తాపు! మా ఇంటాయినకు గిట్లనే అయితుండె."

ఇంతవరకు నేను దాచింది ఇది. "షుగరున్నోనికి చక్కెర పోస్తవా? సంపుతవా ఏంది?" అని ఆమె చేతిని తోసేశాను. నీళ్ళన్నీ నేలపాలయ్యాయి. షుగరు పెరగడమే తప్ప, ఖాళీ కడుపున గోలీ వేస్తే పడిపోవడం కూడా ఉంటుందని నాకు తెలియదు. కరపత్రంలో ఉందేమో, నేను చదవలేదు.

అంబులెన్సు మధ్యాహ్నానికి గానీ రాలేదు. "వెంటనే కాస్త చక్కెర ఇచ్చి ఉండాల్సింది. ఎవరూ చెప్పలేదా?" అని డాక్టరమ్మ అడిగింది. ఎవరూ చెప్పలేదన్నాను. వెంట వచ్చిన లింగవ్వ నా పక్కనే ఉంది. మూతికి కట్టుకున్న కొంగు సర్దుకుని తల తిప్పుకుంది.

నిన్న బాపు కళ్ళు తెరిచాడు. సంతోషపడకవ్వా. మెదడు దెబ్బతిన్నదట, ఇక ఇంతేనట. "నేనే మింగించిన బాపూ, నేనే పారబోసిన" అని చెవిలో చెప్పాను. నా ముఖంలోకి చూశాడు, పక్క మంచాన్ని చూసినట్టే చూశాడు. నన్ను తిట్టడానికి ఇక నువ్వొక్కదానివే మిగిలావు.

ఇట్లు,
బాపు మంచం పక్కన ఉన్న నీ కొడుకు,
మార్కండేయ