ముళ్ళపంది కథకు చివరి రెండు పేజీలు

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. మోకాలు కూడా క్షేమమే, కాకపోతే మెట్లు కనిపిస్తే మొండికేస్తుంది. మీరు ముగ్గురూ కులాసా అని నీ ఉత్తరంలో మొదటి వాక్యం, చిన్నోడికి జలుబని నాలుగో వాక్యం. రెండూ నమ్మాను. ఫోన్లో మాట్లాడుకుంటే పోయేదానికి ఈ ఉత్తరాలేమిటని అల్లుడుగారు నవ్వుతున్నారన్నావు. ఫోన్లో నేను "ఆఁ, ఊఁ" తప్ప ఇంకేమీ అననని ఆయనకు తెలియదు కాబోలు. ముప్ఫై ఏళ్ళు ప్రూఫులు దిద్దినదాన్ని, కాగితం ముందుంటే తప్ప నాకు మాట పెగలదు.

అడిగినవాటికి జవాబులు. కళ్ళద్దాలు మార్పించాను. వంటింటి గోడ చెమ్మ అలాగే ఉంది. ఇంటివాళ్ళు వస్తాం, చూస్తాం అంటారు, రావడమూ లేదు, చూడడమూ లేదు. మందులు వేళకు వేసుకుంటున్నాను, మరిచిపోయిన రోజుల్లో తప్ప.

ముళ్ళపంది పుస్తకం మళ్ళీ వేస్తున్నారు. ఇది తొమ్మిదో ముద్రణ. ఈసారి పెద్ద సైజు, మూలలు గుండ్రంగా కోస్తారట. పసిపిల్లలు పుస్తకాన్ని ముందు నోట్లో పెట్టుకుని తర్వాత చూస్తారు కదా, గుచ్చుకోకూడదని. పోయిన వారం రంగుల ప్రూఫు చూడటానికి ప్రెస్సుకు వెళ్ళాను. ముళ్ళపంది నీలంగా వచ్చింది. బొమ్మలు వేసినాయన ఆ కాగితం పట్టుకుని కిటికీ దగ్గరకోసారి, లైటు కిందకోసారి తిరిగి, "ఇది ముళ్ళపంది కాదండీ, సిరాబుడ్డి" అన్నాడు. మెషిన్ నడిపేవాడు తాపీగా, "పిల్లలకేం తెలుస్తుంది సార్!" అన్నాడు. ఆ గదిలో అనకూడని మాట అదొక్కటే. ఇద్దరూ చల్లబడటానికి అరగంట పట్టింది. నేను స్టూలు మీద కూర్చుని చూస్తూ ఉన్నాను. మూడోసారికి ముళ్ళపంది గోధుమరంగులోకి దిగింది.

ఆ మర్నాడే పబ్లిషర్ గారు ఇంకో పని పెట్టారు. ఈ కథ ఎలా పుట్టిందో రచయిత్రి మాటగా అరపేజీ రాసివ్వాలట. నాలుగుసార్లు రాశాను, నాలుగుసార్లు చించాను. అయిదోసారి కూర్చోబోతుంటే నీ ఉత్తరం వచ్చింది.

నువ్వు రెండు సంగతులు రాశావు. నువ్వు ముళ్ళపంది కథ చదువుతుంటే చిన్నోడు "అలా కాదు" అంటున్నాడనీ, నీ చిన్నప్పుడు నేను ఏ జంతువుకు ఏ గొంతు పెట్టేదాన్నో చెప్పమనీ మొదటిది. చివరి పేజీ అయిపోయాక వాడు వెనక అట్టకు అంటించిన కాగితాన్ని గోరుతో పీకుతున్నాడనీ, దాని కింద ఇంకో పేజీ ఉందంటున్నాడనీ రెండోది. ఈ రెండింటి మధ్యలో ఒక వాక్యం ఉంది. "నాన్న నాకు చేసిందేముందమ్మా, నా చిన్నతనమంతా నువ్వే, ఆ పుస్తకమే సాక్ష్యం" అని. ఆ వాక్యం మూడుసార్లు చదివాను. తప్పులేమైనా ఉంటే దిద్దడం నా పని. ఉంది.

ఆ కథ నేను చెప్పింది కాదు. మీ నాన్న చెప్పాడు.

అప్పటికి నీకు నాలుగేళ్ళు. మీ నాన్నకు బస్సులో రెండో షిఫ్టు, మూడు గంటలకు డ్యూటీ ఎక్కాలి. భోజనం కాగానే కండక్టరు బట్టలు తొడుక్కుని, చొక్కా నలిగిపోతుందని నేను గొణుగుతున్నా వినకుండా, నీ పక్కన పడుకుని నిద్రపుచ్చేవాడు. నేను ముందుగదిలో బల్ల దగ్గర ఎవరివో పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతూ ఉండేదాన్ని. రెండు గదుల మధ్య తలుపు లేదు, కర్టెనే. ఆయన చెప్పే కథ నాకూ వినబడేది. పడుకోవడానికి చోటు లేని ముళ్ళపంది ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి "కొంచెం జరుగుతావా?" అని అడుగుతుంది. ఎలుగుబంటి, నీ ముళ్ళు బయట వదిలేసి లోపలికి రమ్మంటుంది. కప్ప ఈత వచ్చా అని అడుగుతుంది. తాబేలేమో, నా ఇంట్లో నాకే చోటు లేదంటుంది. గొంతులు నేనూ విన్నాను గానీ నాకు పట్టుబడలేదు. అసలు ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, ప్రూఫులు దిద్దుకునే మనిషికి "కొంచెం జరుగుతావా" అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందని. బస్సులో రోజుకు వెయ్యిసార్లు ఆ మాట అనేవాడు మన ఇంట్లో ఒక్కడే ఉండేవాడు.

తాబేలు దగ్గరికి వచ్చేసరికి నీకు నిద్ర పట్టేసేది. ఆయన గొంతు తగ్గిపోయేది, నేను మళ్ళీ నా కామాల్లో పడిపోయేదాన్ని. అందుకని ఆ కథకు చివర ఏమిటో నాకు తెలియదు.

నీకు ఏడేళ్ళు వచ్చాక మనిద్దరం ఈ ఇంటికి వచ్చేశాం. పసిపిల్లలకు జంతువుల కథ ఒకటి కావాలని పబ్లిషర్ గారు అడిగితే రెండ్రోజుల్లో రాసిచ్చాను, నా పేరు పెట్టుకున్నాను. ఆలోచించకుండా పెట్టుకున్నానని రాస్తే అదింకో అబద్ధం అవుతుంది. ఆలోచించాను. మీ నాన్న మీద కోపంగా ఉంది, ఆ ఇంట్లోంచి నాకూ ఏదో ఒకటి దక్కాలి అనిపించింది. బొమ్మలతో కలిపి ఇరవైరెండు పేజీలు వచ్చింది. పెద్ద కాగితం మడతపెడితే ఎనిమిదేసి పేజీలు వస్తాయి కాబట్టి పుస్తకానికి ఇరవైనాలుగు కావాలి. ఖాళీగా ఉన్న రెండు పేజీల కోసం నేనే కల్పించాను, ముళ్ళపంది ఎండుటాకులు పోగుచేసుకుని, తన చోటు తానే చేసుకుని, ఒక్కతే హాయిగా పడుకుందని. స్వయంకృషి గురించి ఎంత చక్కగా చెప్పారండీ అని పత్రికల్లో రాశారు. కొత్తగా ఇల్లు అద్దెకు తీసుకున్న ఒక ఆడమనిషి మొండితనం అది. పెద్దలెవరికీ అనుమానం రాలేదు. నీ కొడుకు గోరు పెట్టి చూశాడు.

పేరు పెట్టుకోవడం ఒక తప్పు. దానికంటే పెద్దది ఇంకోటుంది. ఎవరో ఇంటికి వస్తే, "అమ్మ నన్ను పడుకోబెడుతూ చెప్పిన కథ" అని నువ్వు పుస్తకం చూపించావు. నేను టీ పోస్తున్నాను. పోస్తూనే ఉన్నాను. అప్పటినుంచి నీకు అదే జ్ఞాపకమైపోయింది. మీ నాన్న నెలకోసారి ఆదివారం వచ్చేవాడు, గుర్తుందా? ఒకసారి ఆయన చేతికి ఆ పుస్తకం ఇచ్చి, "అమ్మ నాకోసం రాసింది" అన్నావు. నిలబడే అన్ని పేజీలూ తిప్పాడు. "బాగుంది" అని నీకు తిరిగి ఇచ్చేశాడు. నా వైపు చూశాడు. నేను గోడ మీద క్యాలెండర్ చూశాను. ఆ తర్వాత మూడుసార్లు వచ్చాడు, ఇక రాలేదు. నాన్నకు నేనక్కర్లేదు అని నువ్వు ఏడిస్తే నీ తల నిమిరాను గానీ నోరు విప్పలేదు. పెళ్ళికి ఆయన్ని పిలవనన్నావు, సరేనన్నాను. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది తల్లీ. భయంగా కూడా ఉంది.

గురువారం ఆయన్ని చూడటానికి వెళ్ళాను. రిటైరయ్యాడు. డిపో వెనక వీధిలో రెండు గదులు, శుభ్రంగా ఉంచుకున్నాడు. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు, టీ పెట్టాడు. కొత్త ముద్రణలో అట్ట మీద ఆయన పేరు కూడా వేయిస్తానని చెప్పాను.

"వేయించు. ఇనీషియల్ తప్పు పడకుండా చూడు, ప్రూఫులు చూసేది నువ్వేగా" అన్నాడు.

"కథకు చివర అంటూ ఉందా అసలు? పిల్ల తాబేలు దగ్గరే నిద్రపోయేదిగా?" అని అడిగాను.

"నిద్రపోతే? మధ్యలో వదిలేస్తే పాపం ముళ్ళపంది ఎక్కడ పడుకుంటుంది? రోజూ పూర్తిగా చెప్పే లేచేవాణ్ణి. రెండుసార్లు బస్సు లేటయింది, మెమో కూడా ఇచ్చారు."

"ఏమిటది, చెప్పు."

"నీకు చెప్పను. నీకు చెబితే అచ్చేస్తావు. అమ్మాయి వచ్చి అడిగితే చెబుతాను."

మూడేళ్ళపాటు రోజూ నిద్రపోయిన పిల్లకు కథ చివరిదాకా చెప్పిన మనిషిని, నీకు ఏమీ చేయనివాడిగా నిలబెట్టింది నేనే. నువ్వు ఎంత కోప్పడినా చెల్లుతుంది. కొన్నాళ్ళు ఉత్తరం రాయకపోయినా అర్థం చేసుకుంటాను.

పబ్లిషర్ గారితో మాట్లాడాను. అరపేజీలో ఉన్నదున్నట్టు రాసిచ్చాను. చివరి రెండు పేజీల్లో నా మాటలు తీసేసి బొమ్మ మాత్రం ఉంచమన్నాను. అంతకంటే నా చేతిలో లేదు. పుస్తకం కోసమని నువ్వు వెళ్ళనక్కర్లేదు. వెళ్ళాలనిపిస్తే చిన్నోణ్ణి తీసుకుని వెళ్ళు. నేను రాను.

నేను బయల్దేరుతుంటే ఆయన గుమ్మం దాకా వచ్చాడు. నీ కొడుక్కి ఎన్నేళ్ళని అడిగాడు. నాలుగని చెప్పాను. "మధ్యాహ్నం పడుకుంటాడా?" అన్నాడు. నాకు తెలియదన్నాను. ఆ జవాబు నాకు రాయొద్దు తల్లీ, ఆయనకు చెప్పు.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధపడి ఉన్న
అమ్మ