గాలిపటం నడిమి కన్నం

చిట్టితల్లి గ్యూరీకి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ నాన్నా బాగున్నాం. తమ్ముడు లేని ఇంట్లో ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. అయినా రాయకపోతే నువ్వు ముందే హడలిపోతావు. సియోల్ మిల్లులో నీ చేతుల పగుళ్లు తగ్గాయా?

నాన్న దగ్గు తగ్గింది. తమ్ముడు బొమ్‌సు కోటు ఎవరికైనా ఇచ్చావా అని అడిగావు. ఇవ్వలేదు. నాన్నే తొడుక్కుంటున్నారు. చేతులు పొడుగై వేళ్లు కనబడవు.

ఇక గాలిపటం సంగతి. తమ్ముడెక్కిన ఆ పడవ మునగకముందు వాడు సగం చేసి అటక మీద పెట్టింది దొరికింది. పుల్లలు కట్టి, నడిమిన గుండ్రంగా కోసి ఉంది. కోసిన ముక్కను పటం నుదుటి మీద అంటించాలని ఈ ఊళ్లో పసివాళ్లకూ తెలుసు. కానీ ఆ కన్నం చూడలేకపోయాను తల్లీ. ఆ ముక్కనే మళ్లీ అక్కడ పెట్టి గంజితో అతికేశాను.

ఏడాది మొదటి పున్నమినాడు పండగకు వండే ఐదు రకాల గింజల అన్నం తిని రేవు గట్టుకు పోయాం. గాలిపటం లేచింది, తూలింది, తలకిందులై మట్టిలో పడింది. మళ్లీ ఎగరేసినా అంతే. వెనకింటి ఒక్‌బున్ అక్క పకపకా నవ్వింది.

"ఏమే, నీ గాలిపటం కూడా సారా తాగిందా?"

నాన్న నవ్వలేదు. కోటు జేబులోంచి కాగితం పీలిక తీసి కింది పెదవికి ఆనించుకున్నారు. అది గడ్డం మీదికి వేలాడింది.

"దీని పైనుంచి ఊదితే ఏమవుద్దో చెప్పు."

"ఇంకా కిందికి పోద్ది. ఆమాత్రం తెలీదా?" అన్నాను.

ఊదారు. పీలిక పైకి లేచి నిలబడింది!

"పైన గాలి పరుగెత్తితే అక్కడ ఒత్తిడి తగ్గుద్ది. కిందున్న గాలి పైకి తోస్తది. మనవాడు బళ్లో పంతులుగా పిల్లలకు ఇది చూపించేముందు నాతో ఊదించేవాడు. 'నాన్నా, ఉమ్ము కాదు, గాలి!' అని ఏడిపించేవాడు." ఆయన ఆ పీలికను వేళ్లతో సాపు చేశారు. "గాలిపటాన్నీ గాలే లేపుద్ది. కానీ నడిమిన కాస్త గాలిని పోనిస్తేనే అది కుదురుగా నిలబడుద్ది. మూసేస్తే తూలుద్ది. తెరువే."

గోటితో గీకి తీశాను. ఆ ముక్కను నుదుటి మీద అంటించాను. ఈసారి లేచి, సముద్రం మీద కదలకుండా నిలబడింది.

నువ్వడిగిన అసలు మాట ఇప్పటిదాకా దాటేశాను. దారం తెంపి వదిలేశావా, మన ఇంటి కీడు దాంతో పోయిందా అని కదా? తెంపలేదు. నాన్న కత్తెర అందించారు. చేతిలో దారం లాగుతోంది, చిన్నప్పుడు రేవుకు పోదాం రమ్మని వాడు నా వేలు లాగినట్టు. ఎట్లా తెంపను? చుట్టి ఇంటికి తెచ్చేశాను. మర్నాడూ ఎగరేశాను. పున్నమినాడే అందరూ కీడు పోవాలని దారం తెంపి వదిలేస్తారు కదా, అది దాటాక కూడా ఎగరేస్తే ఊరు ఊరుకుంటుందా? "సిగ్గులేనిదానా!" అని ఒక్‌బున్ అక్క గోడ మీంచి అరిచింది. మళ్లీ తనే వచ్చి దారం చుట్ట పట్టుకుంది.

నాన్న ఊదిన పీలిక ఇందులో పెడుతున్నాను. ఏడుపొచ్చినప్పుడు పెదవికి ఆనించి ఊదు.

వచ్చే ఏడు మొదటి పున్నమికి సెలవు పెట్టి రా. దారం నేను పట్టుకుంటాను, కత్తెర నువ్వు పట్టుకో. నా ఒక్కదాని వల్ల కాదు.

ఇట్లు,
నీ దారి చూస్తూ,
మీ ఇద్దరి అమ్మ