ఉప్పు తీర్థం

సఖినేటిపల్లి మండలం,
శ్రావణం, 1996.

సర్పంచి రాజేంద్రప్రసాద్ గారికి శివాలయం అర్చకుడు ఆశీర్వదించి రాసేది.

మరో నాలుగు రొయ్యల చెరువులు తవ్వడానికి ముహూర్తం పెట్టమని కబురు పంపారు. పెట్టను.

గెలిచిన కొత్తలో మీరు చెప్పులు వీధిలోనే విడిచి మా అరుగు మీద కూర్చునేవారు. అటునుంచి చర్చికి వెళ్లి పాస్టరు ప్రకాశరత్నం గారి పక్కన కూర్చునేవారు. "మీ ఇద్దరూ ఒక మాట చెబితే ఊరు కాదనదండీ. చెరువుల వల్ల నూతుల్లో నీళ్లు పాడవ్వవండీ, నాదే పూచీ" అన్నారు. నమ్మాం. నేను హారతి వేళ చెప్పాను, ఆయన ఆదివారం ప్రార్థనలో చెప్పారు. ఊరు ఒప్పుకుంది.

ఇప్పుడు గుడి నూతిలో నీళ్లు ఉప్పుగా మారాయి. స్వామికి అభిషేకం ఆ నీళ్లతోనే, జనానికి తీర్థం ఆ నీళ్లే. మొన్న సూరమ్మ తీర్థం పుచ్చుకుని, "మీరు చెప్పేరనే కదండీ ఒప్పుకున్నాం, పంతులుగారూ" అంది. పాస్టరు గారు ఎదురైతే జనం పక్క సందులోకి తిరిగిపోతున్నారట.

పోయిన సోమవారం మీరూ గుడికి వచ్చి తీర్థానికి భక్తిగా చెయ్యి పట్టారు. అందరూ తీర్థం తాగారు. మీరు మాత్రం పెదవికి తగలనివ్వకుండా తలకు రాసుకుని వెళ్లిపోయారు. నేను చూశాను. నీళ్ల సంగతి మీకు ముందే తెలుసన్నమాట.

వచ్చే సోమవారం రండి. ఊరంతా చూస్తుండగా మీ చేతిలో తీర్థం పోస్తాను. తాగండి. తాగాక ముహూర్తం అడగండి.

మిమ్మల్ని నమ్మి ఊరిని నమ్మించిన
అర్చకుడు