నీ చేతి కొలత

నోవై,
అక్టోబరు 14.

ప్రియమైన వసంతకు,

ప్రభువు నామంలో వందనాలు. ఇక్కడ అబ్బాయి కాలేబ్, కోడలు పర్సిస్, నేను ఆయన కృపవల్ల కులాసా. జెర్సీ సిటీలో నువ్వు, జెమీమా, అల్లుడు, పదకొండు వారాల మన మనవరాలు కూడా అలాగే ఉన్నారని నమ్ముతున్నాను. రోజూ ఫోన్‌లో మాట్లాడుకుంటూ మళ్లీ ఈ ఉత్తరమెందుకని నవ్వుకోకు. అక్కడ ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉంటుంది. నేను దగ్గితే అల్లుడు మందు పేరు చెబుతాడు.

నీ ఉత్తరంలోని ప్రశ్నలకు జవాబులు. బీపీ మాత్రలు వేసుకుంటున్నాను, పర్సిస్ సాక్షి. మోకాలు మెట్ల దగ్గర మాత్రమే మొరాయిస్తోంది. "మన సంఘం వాళ్లకి చాక్లెట్లు, సబ్బులు వద్దండీ, ఈసారి ఇక్కడి ఏదైనా ఊరి ప్రత్యేకమైన వస్తువు తీసుకెళ్దాం" అని రాశావు కదా. ఆ పని మీదే తిరిగి వచ్చాను. ఇంకో ప్రశ్న కూడా అడిగావు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

పోయిన శుక్రవారం, రాలేముందు ఎర్రబడే ఆకుల రంగులు చూపిస్తామని పిల్లలు నన్ను ఉత్తరానికి తీసుకెళ్లారు. తొమ్మిది గంటల ప్రయాణం. అక్కడ హాంకాక్ అనే ఊళ్లో వీధుల పేర్లు రెండు భాషల్లో రాసి ఉన్నాయి. రెండోది ఫిన్లాండ్ వాళ్ల భాషట. నూరేళ్ల క్రితం రాగి గనుల్లో పనికొచ్చి వాళ్లు అక్కడే స్థిరపడిపోయారు. ఫిన్లాండ్ వస్తువులమ్మే చిన్న కొట్టొకటి కనబడగానే కారు ఆపించాను.

కొట్టు నడిపేది ఐలీ అనే ఆవిడ. డెబ్బై దాటాయి, నిటారుగా నడుస్తుంది. తూనికలు కొలతల శాఖలో ముప్పై ఒక్క ఏళ్లు చేసినవాణ్ణి కదా, చేతికొచ్చిన ప్రతి వస్తువునూ తిరగేసి చూశాను. కొయ్య దుప్పి బొమ్మ కింద చైనా అని ఉంది. ఐలీకి చూపించాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా "అది టూరిస్టుల కోసం, మీరు ఇటు రండి" అని లోపలి గదిలోకి పిలిచింది.

ఏముందనుకున్నావు అక్కడ? గడ్డిపోచలు తుంచి దారంతో గుచ్చి కట్టిన అలంకారాలు. క్రిస్మస్‌కి భోజనాల బల్లపైన వేలాడదీస్తారట, మరుసటేడు పంట బాగా పండాలని. మన వైపు పిచ్చుకల కోసం వసారాలో కట్టే వరికంకుల కుచ్చులు గుర్తొచ్చాయి. పాస్టరమ్మగారికి ఒకటి తీసుకున్నాను. మడిస్తే పలచగా అట్టపెట్టెలో పడుతుంది. ఆవిరి స్నానం గదిలో వేడి రాళ్ల మీద నీళ్లు చల్లే పొడుగు కర్ర గరిటె ఉంది, అది మీ తమ్ముడికి. ఏం చేసుకుంటాడంటావా? అడిగిన వాళ్లందరికీ కథ చెప్పుకుంటాడు. నీ క్వయిర్ వాళ్లకి నార తువ్వాళ్లు, ఆరు.

తినేవీ ఉన్నాయి. యాలకులు దంచి వేసి జడలా అల్లిన రొట్టె వాసనకి పెళ్లింట్లో ఉన్నట్లనిపించింది. మంచులో పుట్టినవాళ్లకి యాలకులెలా దొరికాయని అడిగితే, వాళ్ల అమ్మమ్మ కూడా వేసేదని మాత్రమే చెప్పింది, అంతకు ముందు సంగతి ఆవిడకీ తెలియదు. ఇంకోటి, పెనం మీద కాల్చిన జున్ను. పాతకాలంలో ఆవు ఈనిన కొత్తలో వచ్చే పాలతోనే చేసేవారట! మేమూ అంతేనని చెప్పి, బెల్లం, మిరియాలు వేసే సంగతి పావుగంట వివరించాను. ఐలీ కాగితం మీద రాసుకుంది.

చివరికి నీ వంతు వచ్చింది. అల్మారాలో కొయ్య కప్పులున్నాయి. బూరుగు కాదు, టేకు కాదు, చెట్టు కాండం మీద లేచే బుడిపెను తొలిచి చేస్తారు. సబ్బు పెట్టి తోమకూడదు, నీళ్లతో కడిగితే చాలు. రెండు తీసి బల్ల మీద పెట్టాను, నీకొకటి, నాకొకటి.

ఐలీ ఒకటి వెనక్కి జరిపింది. "ఇది ఎవరికి వారు కొనుక్కునేది కాదు. ఇంకొకరు ఇవ్వాలి. మీది మీ భార్య కొంటుంది. ఇక ఆమె సంగతి చెప్పండి. చెయ్యి చిన్నదా, పెద్దదా? పిడికి ఒక వేలు పట్టే రంధ్రం కావాలా, రెండు వేళ్లదా?"

నాకు తెలియలేదు వసంతా. నలభై ఏళ్లు ఆ చేతి అన్నం తిన్నాను. బంగారం నుంచి బియ్యం దాకా ఎక్కడ ఎన్ని గ్రాములు తగ్గినా పట్టుకున్నాను. నీ చెయ్యి ఎంత ఉంటుందో చెప్పలేక నా చెయ్యే చూసుకుంటూ నిలబడ్డాను.

"పోనీ, కాఫీనా, టీనా?" అంది ఐలీ. "కాఫీ" అన్నాను ధైర్యంగా.

వెనకాల పర్సిస్ గొంతు తగ్గించి అంది: "మావయ్యగారూ, అత్తయ్యగారు టీ కదండీ తాగేది. కాఫీ ఆవిడకి అసలు పడదు, యాసిడిటీ వచ్చేస్తుంది. మీరొక్కరే తాగుతుంటే బాగోదని కంపెనీ ఇస్తారంతే."

నిజమేనా? ఎన్నేళ్ల నుంచి? నాతో ఎందుకు చెప్పలేదు? కోపంతో కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. అడగాల్సింది నేనే కదా అని కూడా తెలుసు.

అందుకే అందరికీ కొన్నాను గానీ, నీకు మాత్రం కొనలేదు. ఐలీ ఫోన్ నంబరు ఇచ్చింది. ఈ కాగితం వెనక పెన్సిలుతో నీ చెయ్యి చుట్టూ గీసి పంపు, ఆవిడ సరిపోయేది చూసి పోస్టు చేస్తానంది.

ఇక నీ మూడో ప్రశ్న. "జెమీమా ఇంకో మూడు నెలలు ఉండమంటోంది, టికెట్ మార్చమంటారా?" అని రాశావు. ఫోన్‌లో "నీ ఇష్టం" అన్నాను, పెద్దమనిషిలాగా. అది అబద్ధం. జెమీమా నిన్ను అడగడానికి వారం ముందే నన్ను అడిగింది. "నాన్నా, అమ్మ ఏమనుకుంటుందో" అంటే, "మీ అమ్మకేంటి, హాయిగా ఉంటుంది, నువ్వు డేట్ చేంజ్ చేయించు" అనేశాను. నిన్ను ఒక్క మాట అడగలేదు. నా మాట పట్టుకునే అది నీ దగ్గరికొచ్చింది. నువ్వు కాదనలేక నన్నడిగావు. నేను ఏమీ ఎరగనట్టు "నీ ఇష్టం" అన్నాను. సిగ్గుగా ఉంది.

నీ ఉత్తరం అడుగున "ఈసారి క్వయిర్‌కి క్రిస్మస్ పాటలు ఎవరు నేర్పిస్తారో" అని ఒక ముక్క రాశావు. హాంకాక్ నుంచి వచ్చాక దాన్ని మూడుసార్లు చదివాను. చదివి, నీకు నాతో ఇంటికి వచ్చేయాలనే ఉందని నేనే తీర్పు చెప్పబోయాను. ఆగాను. మనవరాలిని వదల్లేక రాసిన మాటేమో. పాప ఒళ్లో నిద్రపోతుంటే నీ ముఖం ఎలా ఉంటుందో నేను చూడలేదు.

నా సంగతి మాత్రం చెబుతాను, ఎప్పుడూ చెప్పింది కాదు గనుక. నువ్వు పక్క సీట్లో లేకుండా నవంబరు ఏడున ఇంటికి విమానం ఎక్కాలంటే నాకు దిగులుగా ఉంది. ఇది నా దిగులు. దీన్ని నీ నెత్తిన పెట్టుకోకు. నువ్వు ఉండిపోతే నేను వెళ్లగలను, అన్నం వండుకోగలను.

టికెట్ మార్చడానికి ఈ నెలాఖరు దాకా గడువుంది. జెమీమాకు నిన్న రాత్రే మెసేజ్ పెట్టాను, అమ్మ తరఫున నేనిచ్చిన మాట చెల్లదని. నీకేం కావాలో నిదానంగా ఆలోచించి కాలేబ్‌కి ఫోన్ చేసి చెప్పు. నాకు చేయకు. నేను ఎత్తితే మళ్లీ నీ బదులు నేనే మాట్లాడేస్తాను.

ఇట్లు,
నీ భర్త,
ఆనందబాబు