డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది

గోదావరిఖని, మే 2008

మా బస్తీలో ఉచిత దవాఖాన పెట్టిన ట్రస్టు మేనేజరు చంద్రమతి బిడ్డకు, పోశవ్వ దండాలు పెట్టి రాసేది:

నిన్న దగ్గుమందుకు పోయిన. ఇదివరకటి డాక్టరైతే తలెత్తకుండనే గోలీలు రాసి పంపేటోడు. మీరు పంపిన డాక్టరమ్మ కుర్చీ వేసి కూర్చోబెట్టింది. వీపు మీద గొట్టం పెట్టి శానసేపు విన్నది. చెయ్యి పట్టుకొని, "అవ్వా, నిద్ర పడుతున్నదా?" అని అడిగింది. మా ఇంట్ల డాక్టరు అంతసేపు చూసింది మా మామనొక్కణ్ణే. తెల్లారి పోయిండు. నాదేం రోగమో దాచకుండ రాయి బిడ్డా.

ఇట్లు,
ప్రస్తుతానికి ఉన్న పోశవ్వ

తా.క.: జల్ది రాయి. మామిడికాయ తొక్కు పెట్టాల్నా, వద్దా?

---

పోశవ్వ గారికి నమస్కారాలు.

మీది మామూలు దగ్గే. రోగులను మర్యాదగా, ఓపికగా చూడాలని మా దాతల పట్టుదల. మీ భయం తీరేదాకా నర్సు ప్రసూన రోజూ మీ ఇంటికే వస్తుంది.

మీ మేలు కోరే,
చంద్రమతి

తా.క.: తొక్కు పెట్టండి. ఇష్టమైనవన్నీ తినండి.

---

చంద్రమతి బిడ్డకు, పోశవ్వ ఏడ్చుకుంట రాసేది:

"ఇష్టమైనవన్నీ తినండి" అన్నవ్ చూడు, అక్కడనే తెలిసిపోయింది. మా మామకు కూడ గదే చెప్పిండ్రు. దాని మీద నర్సమ్మ ఇంటికొచ్చి, బీపీ చూసి నవ్వింది. దవాఖాననే ఇంటికొచ్చినంక ఇంకేం మిగిలింది? వాడకట్టంత గుమిగూడింది. గోలేటి నుంచి మా తమ్ముడు నర్సింగం డ్యూటీ నాగా పెట్టి, బత్తాయిలు పట్టుకొని ఉరికొచ్చిండు. "అక్కా, నేనుండంగ నీకేం ఫికరే!" అని నాకంటే ఎక్కువ ఏడ్చిండు.

ఇట్లు,
దినాలు దగ్గరపడ్డ పోశవ్వ

తా.క.: బత్తాయిలు సగం వాడే తిన్నడు.

---

పోశవ్వ గారికి,

మీ తమ్ముణ్ణి వెంటబెట్టుకొని దవాఖానకు రండి. ఆయన్నీ మీలాగే చూడమని డాక్టరమ్మకు చెప్పాను. అందరికీ ఒక్కటే వైద్యమని మీకే అర్థమవుతుంది.

ఓపిక తగ్గని,
చంద్రమతి

---

చల్లని చంద్రమతి బిడ్డకు,

పోయినం. డాక్టరమ్మ మా తమ్ముణ్ణి కూర్చోబెట్టి, చెయ్యి పట్టుకొని, నన్నడిగినవే అడిగింది. నా పాణం నిమ్మళమైంది. గొట్టం పెట్టి విన్నది. మళ్ల విన్నది. ఈసీజీ తీయించి, గప్పుడే అంబులెన్సులో కరీంనగర్ తోలిచ్చింది. గుండెకు రక్తం పోయే నరం మూసుకపోయిందట. ఇంకొన్నాళ్లు ఆగితే మనిషి దక్కకపోవునట.

అక్కడ ఆ నరం తెరిచి బాగు చేసిండ్రు. నిన్న ఇంటికి తెచ్చినం. మంచంల పండుకొని, "నీ సావు చూడొస్తే నన్ను పండబెడ్తివి గదనే!" అని తిడుతున్నడు. తిట్టనీ. వాని గొంతు ఇంటుంటే కడుపు నిండుతున్నది. మీ దాతలు సల్లగుండాలె.

ఇట్లు,
పోశవ్వ

తా.క.: అందరికీ ఒక్కటే వైద్యమని రాసినవ్. డాక్టరమ్మ వాణ్ణి నాకంటే ఎక్కువసేపు చూసింది. నేనేం పాపం చేసిన బిడ్డా?