మరమనిషికి రిలీవరు

పెద్దక్కా, ఇక్కడ అందరం కులాసా, నా బీపీ తప్ప.

మా స్టీలు ప్లాంటు కాలనీలో సెక్టర్ 6 తెలుగువాళ్లు తీస్తున్న మరమనిషి సినిమా నుంచి రచయితగా నా పేరు తీయించేస్తానని కిందటి కార్డులో రాశాను కదా. కోపం రాదా మరి? డైరెక్టరు మనోజ్‌కుమార్‌కి బదిలీ అయితే, ఫర్నేసులో పనిచేసి రిటైరైన గణపతిరావుగారి అమ్మాయి సుప్రియ ఆ పని అందుకుంది. కార్మికులను తీసేసి ఫర్నేసు దగ్గర నిలబెట్టిన మరమనిషి చేత నేను చెప్పించిన మూడు పేజీల ఉపన్యాసం మొత్తం కొట్టేసింది. "మావయ్యా, అంతసేపు లెక్చరిస్తే ఫర్నేసు ఆరిపోద్ది" అని వెక్కిరింపు కూడా!

నిన్న ఆ సీను చూపించింది. షిఫ్టు అయిపోయినా మరమనిషి కదలదు. తన దగ్గర డ్యూటీ అందుకోవాల్సిన మనిషి ఉద్యోగం ఊడిందని దానికి తెలీదు. గేటు వైపే చూస్తూ నిలబడింది. ఒక్క మాట లేదు. నా పక్కనున్న గణపతిరావుగారు లేచి నిలబడి, "రిలీవరు రాందే ఎలాగెల్తాదిరా అది!" అని కళ్లు తుడుచుకున్నారు.

నా మూడు పేజీలకూ అంత బలం లేదు, ఒప్పుకుంటున్నాను. ఒక పేజీ అయినా ఉంచమని మాత్రం ఇంకా దెబ్బలాడుతున్నాను.

పేరు తీయించను. నీ మోకాలి నొప్పి తగ్గిందా? బావగారి పాత ఖాకీ చొక్కా ఒకటి సినిమాలో వేషానికి పంపు. సుప్రియకు దీవెనగా నాలుగు ముక్కలు నువ్వే రాయి. నేను రాస్తే అదీ కొట్టేస్తుంది.

నీ తమ్ముడు,
రామమోహనరావు