పెద్దమ్మకు చెవుడు

శ్రీమతికి,

కార్డు రాయువారు ముందు క్షేమమును, పిమ్మట భయమును తెలుపవలెనన్నది పద్ధతి. ఆ ప్రకారం, నేను క్షేమం.

ఇక రెండవ అంశం. ఇన్నేళ్లూ బొగ్గు వ్యాగన్లు లాగిన పాత కరెంటు ఇంజనుకు కొత్త రంగు పూసి, దూరప్రయాణపు రైలుకు తగిలించి, నా చేతికి అప్పగించారు. డ్రైవర్లమంతా దాన్ని పెద్దమ్మ అంటాం. నిన్న పల్లంలో బ్రేకు వేస్తే పట్టలేదు. వెనుక పద్దెనిమిది పెట్టెల జనం. "పెద్దమ్మకి చెవుడు గురూ, ఇంకోసారి పిలువు!" అని అరిచాడు నా అసిస్టెంటు. రెండోసారి వేస్తే పలికింది. షెడ్డులో మొర పెట్టుకుంటే ఫోర్‌మన్, "ఆగిందిగా? ఇంకేం కావాలయ్యా నీకు?" అన్నాడు. రేపు మళ్లీ నాకు అదే ఇంజను.

సెలవులకు అమ్మాయిని తీసుకుని ఈ రైలుకే వస్తానన్నావు. వద్దు, బస్సుకు రా. వంటింటి కొళాయి కారడం ఆగిందా? అమ్మకు ఈ కార్డు చదివి వినిపించేటప్పుడు రెండవ అంశం దాటెయ్యి. ఆమెకు నా నమస్కారాలు, అమ్మాయికి ఆశీస్సులు.

కడపటి నిబంధన: నేను నడిపే రైలును నాతో సహా మన ఇంటివారెవరూ ఎక్కరాదు. ఇదే తుది ఉత్తర్వు.